లైటు ఆరింది, ప్రెషర్ రాలేదు: ఇంట్లో చాంబర్ విప్పి బిగించిన ఒక ఇంజిన్ కేసు

బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. ఓనర్ ఫోన్ చేసినప్పుడు నేను చెప్పిన మొదటి మాట, "తమ్ముడూ, ఇక ఒక్కసారి కూడా స్టార్ట్ చేయొద్దు" అని. అప్పటికి ఎన్నిసార్లు స్టార్ట్ చేశాడో గుర్తు చేసుకుని చెప్పమంటే పదకొండు సార్లు అన్నాడు. ప్రతిసారీ ఈసారైనా డాష్‌బోర్డ్ మీది ఎర్ర ఆయిల్ లైటు ఆరుతుందేమో అన్న ఆశే. ఆ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ ఆయిల్ ప్రెషర్ లేని ఇంజిన్ తిరిగే ప్రతి క్షణం బేరింగుల మీదే పడుతుంది. అందుకే ఈ కేసు మొత్తం రాస్తున్నాను. ఇంట్లో సొంతంగా ఇంజిన్ పని చేసుకునేవాళ్ళకి ఇందులో పనికొచ్చేవి చాలా ఉన్నాయి. నాకూ ఒకటి ఉంది, అది చివర్లో తెలిసింది.

బండి, దాని మీద జరిగిన పని

1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, బానెట్ కింద అడ్డంగా కూర్చున్న రకం. 92,000 కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ పంపు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముక్కు మీదే, బెల్ట్ వైపు కవర్ లోపల ఉంటుంది. ఒక రోటర్ లోపల ఇంకో రోటర్ తిరుగుతూ ఆయిల్‌ని లాగి తోస్తుంది. కింద చాంబర్‌లోంచి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి) ఆయిల్ పీల్చే పికప్ పైపు రెండు బోల్టులతో ఆ కవర్‌కి బిగుస్తుంది, మధ్యలో ఒక ఓ-రింగ్, అంటే గుండ్రటి రబ్బరు సీలు, ఉంటుంది. పైపు ఊగకుండా ఇంకో బ్రాకెట్ ఉంటుంది, అది మూడో బోల్టుతో మెయిన్ బేరింగ్ క్యాప్‌కి బిగుస్తుంది. ఈ మూడు బోల్టుల సంగతి గుర్తుపెట్టుకోండి.

చాంబర్ అంచు నుంచి ఆయిల్ కారుతోందని అతను సొంతంగా చాంబర్ దించాడు. పనిలో పనిగా పికప్ పైపు కూడా విప్పి, దాని మూతికున్న జాలీని కడిగాడు. నాలుగు రోజులు ఇంజిన్ అలాగే విప్పి ఉంది. తర్వాత అన్నీ బిగించి, గాస్కెట్ పేస్ట్ వేసి చాంబర్ ఎక్కించి, కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్ వేశాడు. మొదటిసారి స్టార్ట్ చేస్తే లైటు ఆరడానికి ఎనిమిది తొమ్మిది సెకన్లు పట్టిందట. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో లైటు మిణుకుమిణుకుమంది. కొంచెం రేజ్ చేస్తే ఆరిపోయింది.

అక్కడ అతను అందరూ అనుకునేదే అనుకున్నాడు: లైటుని వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్ పోయి ఉంటుంది. కొత్త స్విచ్ వేశాడు. తేడా లేదు. తర్వాత 5డబ్ల్యూ-30 ఆయిల్ తీసేసి, చిక్కగా ఉంటే ప్రెషర్ నిలుస్తుందని ఎవరో చెబితే 20డబ్ల్యూ-50 పోశాడు. ఒక రోజు బాగానే అనిపించింది. మూడో రోజు పొద్దున చల్లటి ఇంజిన్ మీదే లైటు ఆరలేదు, పైన టిక్ టిక్ మని చప్పుడు మొదలైంది. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

ఆ చివరి ముక్క వినగానే నాకు ఒక అనుమానం వచ్చింది. బేరింగులు అరిగి ప్రెషర్ తగ్గితే చిక్కటి ఆయిల్ ఎంతో కొంత మేలు చేయాలి. ముఖ్యంగా చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ బాగా ఉండాలి, వేడెక్కాకే పడిపోవాలి. ఇక్కడ చల్లగా ఉన్నప్పుడే అసలు రాలేదు. అంటే గొడవ ఆయిల్ తోసే చోట కాదు, పీల్చే చోట ఉండే అవకాశం ఎక్కువ.

లైటు ఎంత చెబుతుంది

ముందుకు వెళ్ళేముందు ఒక మాట. డాష్‌బోర్డ్ మీద ఆయిల్ లైటు చాలా బండ్లలో సుమారు 0.3 నుంచి 0.5 బార్ (ప్రెషర్ కొలత) మధ్య ఆరిపోయే ఒక మామూలు స్విచ్‌తో పనిచేస్తుంది. అంతకు మించి ఎంత ఉన్నా దానికి ఒకటే. 0.6 బార్ ఉన్నా లైటు ఆరే ఉంటుంది, 4 బార్ ఉన్నా ఆరే ఉంటుంది. ఐడ్లింగ్‌లో 0.6 ఉంటే ఏదోలా నెట్టుకురావచ్చేమో గానీ, 3,000 ఆర్‌పీఎం మీద పరుగెత్తే ఇంజిన్‌కి 0.6 బార్ అంటే బేరింగులకి ఆయిల్ పొర లేనట్టే లెక్క. రేజ్ చేస్తే లైటు ఆరిందని అతను రెండు రోజులు బండి తిప్పాడు. ఆ రెండు రోజులూ లోపల ఎంత ప్రెషర్ ఉందో ఎవరికీ తెలియదు. ఇంజిన్ దెబ్బతిన్నది లైటు వెలిగినప్పుడు కాకుండా ఆరిపోయిన ఆ గంటల్లోనే అయి ఉండాలి.

ఇంకోటి, పంపు ప్రెషర్‌ని పుట్టించదు. అది ఆయిల్‌ని తోస్తుంది, అంతే. తోసిన ఆయిల్‌కి బేరింగుల దగ్గరి సన్నని సందులు అడ్డుపడితే ప్రెషర్ ఏర్పడుతుంది. అందుకే ప్రెషర్ రాకపోవడానికి దారులు ఎన్నో లేవు: పంపుకి ఆయిల్ అందకపోవాలి, పంపు తోయలేకపోవాలి, లేదంటే తోసిన ఆయిల్ అడ్డు లేకుండా ఎక్కడో బయటికో చాంబర్‌లోకో పోతుండాలి. ఏది అన్నది తేల్చడమే పని.

విప్పకముందు

మొదట డిప్‌స్టిక్ చూశాను. లెవెల్ సరిగ్గా పై గీత దగ్గర ఉంది. వాసన చూశాను, పెట్రోల్ కలిసిన వాసన లేదు. రంగులో పాల తెలుపు లేదు కాబట్టి నీళ్ళు కలవలేదు.

తర్వాత ఫిల్టర్ విప్పాను. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయి, దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులై ఆయిల్ చిమ్ముకుంటూ పోతుంది. ఇంటి పనిలో ఇది చాలాసార్లు జరుగుతుంది. ఇక్కడ అది లేదు. ఫిల్టర్ ఈ ఇంజిన్‌కి సరిపోయేదే. అయినా దాన్ని పారేయలేదు. రేకుని చుట్టూ కోసి, లోపలి కాగితం మడతలు బయటికి తీసి, నొక్కి ఆయిల్ పిండి, తెల్ల కాగితం మీద పరిచి ఎండలో చూశాను. మడతల మధ్య సన్నటి బూడిద రంగు మెరుపు. వేలితో రుద్దితే గరుకు లేదు, చర్మం మీద వెండి పొడిలా అంటుకుంది. అయస్కాంతం దగ్గర పెడితే కదల్లేదు. ఇనుము కాదు, అంటే రింగులో గేర్లో కాదు. బేరింగ్ పైపూత. నాకు మనసు చివుక్కుమంది. పిల్లాడు ఓపిగ్గా, శుభ్రంగా చేసుకున్న పని అది.

అదే కాగితం మీద ఇంకోటి దొరికింది, గోరంత కూడా లేని ఒక ఎర్ర పోగు. గాస్కెట్ పేస్ట్ ముక్క.

పై కవర్లు విప్పి క్యామ్ చూద్దామా అని అతను అడిగాడు, చప్పుడు అక్కడి నుంచి వచ్చింది కాబట్టి. వద్దన్నాను. పైన టిక్ టిక్ అనేది ఆయిల్ అందని హైడ్రాలిక్ లిఫ్టర్ల (ఆయిల్ నింపుకుని వాల్వుల సందు సరిచేసే ముక్కలు) చప్పుడు. ఆయిల్ చివరగా చేరేది అక్కడికే కాబట్టి ప్రెషర్ తగ్గితే ముందు వినిపించేది అదే. అతను తాకనే తాకని చోట వెతకడం కన్నా, తాకిన చోట వెతకడం మేలు.

గేజ్ ముల్లు

స్విచ్ తీసి, ఆ రంధ్రంలో అడాప్టర్‌తో మెకానికల్ గేజ్ బిగించాను. అన్ని స్పార్క్ ప్లగ్గులూ తీసేశాను, కాయిల్ కనెక్టర్లు పీకేశాను, ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసేశాను. ప్లగ్గులు లేకపోతే కంప్రెషన్ ఉండదు, క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది, బేరింగుల మీద బరువు పడదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా సెల్ఫ్‌తోనే ప్రెషర్ చూడడానికి ఇంతకన్నా భద్రమైన పద్ధతి నాకు తెలియదు. పది సెకన్లు సెల్ఫ్ కొట్టడం, ఒక నిమిషం ఆగడం. సెల్ఫ్ మోటార్ కాలిపోకూడదు కదా.

మొదటి పది సెకన్లు: ముల్లు సున్నా నుంచి కదిలీ కదలనట్టు 0.2 దాకా లేచి పడిపోయింది. మూడుసార్లూ అంతే.

పంపు ఎండిపోయి ఉందేమో అని అనుమానం తీర్చుకోవడానికి గేజ్ రంధ్రంలోంచి ఆయిల్ క్యాన్‌తో నెమ్మదిగా ఆయిల్ ఎక్కించాను. రోటర్ల మధ్య ఆయిల్ ఉంటేనే ఈ రకం పంపుకి పీల్చే బలం వస్తుంది. పొడిగా ఉంటే అది గాలిని తిప్పుతూ కూర్చుంటుంది. నాలుగు రోజులు విప్పి ఉంచిన ఇంజిన్ మొదటిసారి తొమ్మిది సెకన్లు తీసుకోవడానికి ఇది కూడా కొంత కారణమే. పంపు విప్పినా, పికప్ విప్పినా, స్టార్ట్ చేసేముందు ఇలా ఆయిల్ ఎక్కించడం తప్పనిసరి.

ఆయిల్ ఎక్కించాక మళ్ళీ సెల్ఫ్ కొట్టాను. ఈసారి ముల్లు 0.6 నుంచి 0.9 మధ్యకి వచ్చింది. కానీ నిలబడలేదు, వణికింది. గాలికి గడ్డిపరక ఊగినట్టు ఆగకుండా వణుకుతూనే ఉంది.

ఆ వణుకు నాకు సగం జవాబు. బేరింగులు అరిగితే ముల్లు తక్కువ దగ్గర కుదురుగా నిలబడుతుంది. ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్‌లో నలుసు ఇరుక్కుని తెరుచుకుపోయినా ముల్లు తక్కువగానే ఉంటుంది కానీ ఇలా వణకదు. పైగా ఈ ఇంజిన్‌లో ఆ వాల్వ్ అతను తాకలేదు. పంపులోకి ఆయిల్‌తోపాటు గాలి కూడా పోతేనే ముల్లు ఇలా వణుకుతుంది. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. ఒక బుడగ వచ్చినప్పుడల్లా ప్రెషర్ జారుతుంది.

పీల్చే వైపు లీకు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. తోసే వైపు లీకైతే ఆయిల్ కారుతుంది, మరక కనిపిస్తుంది. పీల్చే వైపు లీకైతే ఏమీ కారదు, గాలి లోపలికి పోతుంది. మరక ఉండదు, చుక్క ఉండదు. పైగా పంపు పీల్చే బలానికి ఒక హద్దు ఉంది, అది బయటి గాలి ఒత్తిడి, దాదాపు ఒక బార్. ఆ కొద్ది బలంలో జిగురు ఆయిల్‌ని కింద నుంచి పైకి లాగడం కన్నా, వెంట్రుక సందులోంచి గాలిని లాగడం పంపుకి చాలా తేలిక. 20డబ్ల్యూ-50 పోశాక పరిస్థితి ఇంకా చెడిపోయింది ఇందుకే. ఆయిల్ చిక్కబడే కొద్దీ గాలి వాటా పెరిగింది.

ఒక లీటర్ పరీక్ష

అనుమానం ఎంత బలంగా ఉన్నా, చాంబర్ దించేముందు దాన్ని రుజువు చేసుకోవాలి. దీనికి పాత మెకానిక్కులు చేసే పరీక్ష ఒకటుంది. గాలి లీకయ్యే అతుకుని ఆయిల్‌లో ముంచేస్తే ఇక గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ఇంజిన్‌లో పికప్ పైపు, పంపు కవర్ కలిసే అతుకు మామూలు ఆయిల్ లెవెల్‌కి కాస్త పైన ఉంటుంది. పై గీత దాటి ఇంకో లీటర్ పోశాను. ఇంజిన్ అడ్డంగా ఉంది, పంపు బెల్ట్ వైపు ఉంది. కాబట్టి బండి రెండో పక్కని బాడీ జాకీ పాయింట్ దగ్గర లేపి స్టాండ్ పెట్టాను, ఆయిల్ అంతా బెల్ట్ వైపుకి చేరేలా. ఐదు నిమిషాలు ఆగాను.

సెల్ఫ్ కొట్టాను. ముల్లు నాలుగో సెకన్‌కి లేచి 1.6 బార్ దగ్గర ఆగింది. వణుకు లేదు. ఓనర్ నా పక్కనే ఉన్నాడు. "అన్నా, ఆయిల్ తక్కువై అలా అయిందా?" అన్నాడు. కాదు, ఆయిల్ తక్కువ కాలేదు, గాలి రావడం ఆగింది అని చెప్పాను.

ప్లగ్గులు బిగించి ఒక్క ఇరవై సెకన్లు స్టార్ట్ చేశాను. చల్లటి ఐడ్లింగ్‌లో 3 బార్, కుదురుగా. వెంటనే ఆపేశాను. ఎక్కువ ఆయిల్‌తో ఇంజిన్‌ని రేజ్ చేయకూడదు, నడపకూడదు. క్రాంక్ ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, అప్పుడు మనమే కొత్త గాలి కలిపినట్టవుతుంది. బండి దించి, అదనపు లీటర్ తీసేసి, మళ్ళీ సెల్ఫ్ కొట్టి చూశాను. వణుకు తిరిగి వచ్చింది. ఇక సందేహం లేదు.

ఇక్కడ ఒక పక్క మాట. అందరూ ఇంత చిన్న పనే చేయరు. బ్లాక్ అంతా విప్పి కడిగి కట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అలాంటి ఇంజిన్‌లో ప్రెషర్ రాకపోతే నేను వేరే చోట మొదలుపెడతాను. ఆయిల్ దారులు కడగడానికి తీసిన బిరడా ప్లగ్గుల్లో ఒకటి, ముఖ్యంగా టైమింగ్ కవర్ వెనక దాక్కునేది, మర్చిపోతే ఆయిల్ అంతా కుళాయిలా తిరిగి చాంబర్‌లోకే పోతుంది. గేజ్ సున్నా చూపిస్తుంది. మెయిన్ బేరింగ్ షెల్స్‌లో (క్రాంక్‌ని పైనా కిందా పట్టుకునే అరచక్రం రేకులు) గాడి, రంధ్రం ఉన్న పై ముక్కని కింద క్యాప్‌లో పెట్టి, రంధ్రం లేనిది పైన పెడితే ఆ బేరింగ్‌కి ఆయిల్ దారే మూసుకుపోతుంది. అప్పుడు గేజ్ మీద ప్రెషర్ బాగానే కనిపించవచ్చు, బేరింగ్ మాత్రం ఎండిపోతుంది. హెడ్ గాస్కెట్ తిరగేసి వేస్తే పైకి వెళ్ళే ఆయిల్ రంధ్రం మూసుకుపోవడం కూడా చూశాను. ఏం విప్పారో తెలియకుండా ప్రెషర్ సమస్య వెతకడం చీకట్లో వెతకడమే.

చాంబర్ దించాక

గాస్కెట్ పేస్ట్ అంచు నుంచి లోపలికి పొడుచుకొచ్చి, ఎండి, ఎర్ర వానపాముల్లా వేలాడుతోంది. బయటికి ఎంత వచ్చిందో లోపలికీ అంతే వస్తుంది. బయటిది మనం తుడిచేస్తాం, లోపలిది అక్కడే ఉంటుంది. సన్నటి గీతలా, బోల్టు రంధ్రాల లోపలి వైపుగా వేస్తే చాలు. జాలీ మీద నాలుగైదు ముక్కలు అంటుకుని ఉన్నాయి. పూర్తిగా మూసుకుపోలేదు.

పికప్ పైపు విప్పేముందు మూడు బోల్టులనీ చేత్తో తట్టి చూశాను. బ్రాకెట్ బోల్టు గట్టిగా ఉంది. కవర్ దగ్గరి రెండింటిలో ఒకటి గట్టిగా, ఒకటి కాస్త వదులుగా ఉన్నాయి. ఫీలర్ గేజ్‌లో సన్న రేకు తీసి అతుకు చుట్టూ తిప్పాను. వదులు బోల్టు వైపు 0.15 మి.మీ. రేకు లోపలికి దూరింది.

ఏం జరిగిందో అక్కడే తెలిసిపోయింది. అతను బ్రాకెట్ బోల్టు ముందు బిగించాడు. అది చేతికి తేలిగ్గా అందుతుంది కాబట్టి ఎవరికైనా ముందు అదే బిగించాలనిపిస్తుంది. అది బిగుసుకోగానే పైపు ఒక పక్కకి లాగేసి, అంచు వంకరగా కూర్చుంది. తర్వాత కవర్ బోల్టులు ఎంత తిప్పినా ఆ అంచు సమంగా ఆనలేదు. మూడింటినీ ముందు వేళ్ళతో ఎక్కించి, కవర్ బోల్టులు రెండూ టార్క్ రెంచ్‌తో బిగించి, బ్రాకెట్ బోల్టు చివర్లో బిగించాలి.

ఓ-రింగ్ తీసి అరచేతిలో పెట్టుకున్నాను. పాతదే మళ్ళీ వేశాడు. "బాగానే ఉందనిపించిందన్నా, పగుళ్ళు లేవు" అన్నాడు. పగుళ్ళు నిజంగానే లేవు. కానీ గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు, ఏళ్ళ తరబడి వేడిలో నొక్కుకుపోయి నాలుగు పలకలుగా మారింది. గోటితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది, పైకి లేవలేదు. ఒక చోట అంచు కింద ఇరుక్కుని అర్ధచంద్రాకారంలో కోసుకుపోయింది. కొత్త రింగు పక్కన పెట్టి చూపించాను. రెండింటి మందంలో తేడా కంటికే తెలిసింది. అతను చాలాసేపు రెండు రింగుల్నీ మార్చి మార్చి చూశాడు.

చాంబర్ దిగే ఉంది, ఫిల్టర్‌లో మెరుపు కనిపించింది. కాబట్టి బేరింగులు చూడకుండా మూసేయడానికి నాకు మనసు ఒప్పలేదు. పంపు నుంచి అన్నిటికన్నా దూరంగా ఉన్న నాలుగో సిలిండర్ కనెక్టింగ్ రాడ్ క్యాప్ ముందు విప్పాను. షెల్ మీద పైపూత ఒక చోట మసకబారి, తడి చేత్తో తుడిచినట్టు జరిగిపోయి ఉంది. మూడోది కూడా అలాగే, కాస్త తక్కువ. ఒకటి, రెండు బాగున్నాయి. క్రాంక్ జర్నల్ మీద, అంటే షెల్ లోపల తిరిగే నున్నటి భాగం మీద, గోరు అడ్డంగా లాగితే ఎక్కడా తగల్లేదు, అది మా అదృష్టం.

ప్లాస్టిగేజ్ పెట్టి సందు కొలిచాను. ఆయిల్ తుడిచేసిన జర్నల్ మీద ఆ సన్నటి మైనపు తీగ ముక్క పొడుగునా పరిచి, క్యాప్ పెట్టి చెప్పిన టార్క్‌కి బిగించి, క్రాంక్‌ని పిసరు కూడా తిప్పకుండా మళ్ళీ విప్పాలి. నలిగిన తీగ వెడల్పుని కాగితం మీది గీతలతో పోల్చాలి. నాలుగోదాని సందు ఆ ఇంజిన్ మాన్యువల్ హద్దు దాటింది, మూడోది హద్దు మీద ఉంది. మెయిన్ బేరింగులు హద్దు లోపలే వచ్చాయి. నాలుగు రాడ్లకీ కొత్త షెల్స్ వేశాను. ఈ ఇంజిన్ రాడ్ బోల్టులు బిగించేటప్పుడు సాగే రకం, ఒకసారి వాడినవి మళ్ళీ వాడకూడదు, కాబట్టి బోల్టులు కూడా కొత్తవే. కొత్త షెల్స్‌తో మళ్ళీ కొలిస్తే నాలుగోదాంట్లో 0.035 మి.మీ. వచ్చింది. అంటే జర్నల్ అరగలేదు.

కొత్త ఓ-రింగ్‌కి ఆయిల్ రాసి, బోల్టులు సరైన వరసలో బిగించి, చాంబర్ కడిగి, అంచు సమంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూసి ఎక్కించాను. 5డబ్ల్యూ-30 పోసి, పంపులోకి ఆయిల్ ఎక్కించి సెల్ఫ్ కొడితే ఐదు సెకన్లలో 1.4 బార్, ముల్లు కుదురుగా. స్టార్ట్ చేశాను. వేడెక్కాక ఐడ్లింగ్‌లో 1.2 బార్. 3,000 ఆర్‌పీఎం దగ్గర 3.5. పని అయిపోయిందనుకున్నాను.

రెండోసారి

అలవాటు కొద్దీ 4,000 దాకా తీసుకెళ్ళాను. ముల్లు ఇంకొంచెం పైకి పోయి రిలీఫ్ వాల్వ్ దగ్గర ఆగాలి. పోలేదు. రెండు సెకన్లు నిలబడి 2.1కి జారింది, మళ్ళీ ఆ వణుకు.

ఐడ్లింగ్‌లో బాగుండి, స్పీడ్ పెరిగాక ప్రెషర్ పడిపోతే అరుగుదల కారణం కాదు. అరిగిన ఇంజిన్ దీనికి తిరగబడి ప్రవర్తిస్తుంది, రేజ్ చేస్తే పెరుగుతుంది. స్పీడ్‌లో పంపు అడిగినంత ఆయిల్ కింద నుంచి రావట్లేదు. పీల్చే నోటికి ఏదో అడ్డం ఉంది. జాలీ నేనే కడిగాను, శుభ్రంగా ఉంది. మరి?

అప్పుడు అతన్ని ముందే అడగాల్సిన ప్రశ్న అడిగాను. "చాంబర్ ఎక్కించేటప్పుడు జాకీ ఎక్కడ పెట్టావు?"

"పేస్ట్ బాగా అతుక్కోవాలని చాంబర్ కింద జాకీ పెట్టి పట్టుకున్నానన్నా. నేరుగా కాదు, చెక్క ముక్క పెట్టాను."

చెక్క పెట్టాడు కాబట్టే గీత పడలేదు, మడత పడలేదు. చాంబర్ అడుగు అరచేయంత మేర మెల్లగా లోపలికి ఉబ్బింది. నల్ల పెయింట్ మీద అది నా కంటికి ఆనలేదు. నేను అంచుకి స్కేలు పెట్టాను కానీ అడుగుకి పెట్టలేదు.

చాంబర్ మళ్ళీ దించాను. జాలీ మూతి చుట్టూ నాలుగు చోట్ల మెత్తటి మట్టి ఉండలు, పిల్లలు బొమ్మలు చేసుకునే మట్టి, అంటించాను. చాంబర్‌ని పేస్ట్ లేకుండా ఎక్కించి, నాలుగు బోల్టులు బిగించి, విప్పాను. ఉండలు నలిగి అప్పచ్చుల్లా అయ్యాయి. బ్లేడుతో కోసి మందం కొలిస్తే అన్నిటికన్నా పలుచనిది 3 మి.మీ. కొత్త చాంబర్ తెప్పించి అదే పద్ధతిలో కొలిస్తే 9 మి.మీ. వచ్చింది. ఐడ్లింగ్‌లో ఆ 3 మి.మీ. సందు సరిపోయింది, 4,000 దగ్గర సరిపోలేదు. మొదటి పరీక్షల్లో ఇది బయటపడకపోవడానికి కారణం కూడా అదే, అప్పుడు నేను సెల్ఫ్‌తోనూ ఐడ్లింగ్‌లోనూ మాత్రమే చూశాను. ఇప్పుడు చాంబర్ దిగిన ప్రతి బండికీ మూసేముందు ఈ మట్టి కొలత తీస్తున్నాను. పది నిమిషాల పని.

పాత చాంబర్‌ని కొట్టి సాపు చేయొచ్చా అని అతను అడిగాడు. రేకు చాంబర్ కాబట్టి చేయొచ్చు. కానీ అంచు ఏ మాత్రం వంగినా మళ్ళీ కారుతుంది, ఈ పని అంతా మొదలైందే ఆ కారడంతో. కొత్తదే వేశాను. ఈసారి పేస్ట్ గీత అతనితోనే వేయించాను, సన్నగా, బోల్టు రంధ్రాల లోపలి వైపుగా. బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు విడతల్లో అతనే బిగించాడు. పేస్ట్ డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చాకే ఆయిల్ పోశాం.

వేడి ఇంజిన్ మీద చివరి లెక్కలు: ఐడ్లింగ్‌లో 1.2 బార్, 3,000 దగ్గర 3.6, 4,000 దగ్గర 4.2. అక్కడ వాల్వ్ తెరుచుకుని ముల్లు ఆగిపోయింది, కదల్లేదు. లిఫ్టర్ల చప్పుడు మొదటి నిమిషంలోనే పోయింది.

100 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చాం. ఆ ఫిల్టర్‌లో కొద్దిగా మెరుపు ఉంది, పాత షెల్స్ నుంచి మిగిలినదే. 500 కిలోమీటర్లకి మళ్ళీ కోసి చూశాం. ఈసారి కోసింది అతనే. మడతలన్నీ విప్పి, అయస్కాంతం తిప్పి, ఎండలో పెట్టి చాలాసేపు చూశాడు. ఆయిల్ తప్ప ఏమీ లేదు.

అదే రోజు గేజ్ విప్పి స్విచ్ బిగించాలి. అతను మొదట్లో పోయిందనుకుని తీసి పక్కన పడేసిన పాత స్విచ్ డిక్కీలోనే ఉంది. రెగ్యులేటర్‌తో గాలి పెట్టి చూశాను. 0.4 బార్ దగ్గర ప్రతిసారీ ఖచ్చితంగా తెగుతోంది. శుభ్రంగా తుడిచి దాన్నే బిగించి పంపాను.